మూతి నుండి మందు కూరే తుపాకి – దాని కథ, దాని ప్రమాదం, దాని చట్టం



తుపాకి అనగానే మనకు సినిమా గుర్తుకొస్తుంది. హీరో మీట నొక్కుతూనే ఉంటాడు, గుండ్లు వస్తూనే ఉంటాయి. కానీ మన తాతల కాలంలో మన పల్లెలలో ఉన్న తుపాకి అలాంటిది కాదు. ఒక్కసారి పేల్చిన తరువాత మళ్ళీ పేల్చాలంటే నిలబడి, గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దిమ్మించి, అప్పుడు గురి చూడాలి. ఈ లోపల ఎదుటివాడు ఊరుకుంటాడా? ఊరుకోడు. అయినా అలాంటి తుపాకులతోనే మన జిల్లాల ప్రజలు ఒక రాజ్యాన్ని ఎదిరించారు. ఆ తుపాకి పేరే భర్మారు.

ఇప్పటికీ పాత గడీ గోడలు కూలినప్పుడో, పూడిపోయిన బావి తవ్వినప్పుడో, అటక మీది సామాను దించినప్పుడో ఇలాంటి పాత తుపాకి గాని, పొట్టి గొట్టం పిస్తోలు గాని బయటపడవచ్చు. అది ఏమిటి? ఎలా పనిచేస్తుంది? దొరికితే ఏం చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పేరులోనే ఉంది పని

తుపాకి అనే మాట తెలుగులో పుట్టింది కాదు. తురుష్క, పారశీక భాషల నుండి దక్కను సైన్యాలతో పాటు మన నాలుకకు వచ్చింది. తపంచా అనే మాట కూడా అటువైపు నుండి వచ్చినదే. భర్మారు మాట హిందుస్తానీది. భర్నా అంటే నింపడం, మార్నా అంటే కొట్టడం. నింపి కొట్టేది భర్మారు. ఇంత సూటిగా ఒక యంత్రం పనిని చెప్పే పేరు మరొకటి దొరకడం కష్టం.

ఇందులో వాడేది నల్లమందు. పెట్లుప్పు (సురేకారం), గంధకం, బొగ్గు – ఈ మూడింటి మిశ్రమం. సుమారు తొమ్మిదవ శతాబ్దంలో చైనాలో దీనిని కనుగొన్నారు. పెట్లుప్పును రసాయనశాస్త్రంలో పొటాషియం నైట్రేట్ అంటారు. దీని పని ఆక్సిజన్‌ను అందించడం. మామూలు కట్టె మండాలంటే బయటి గాలి కావాలి. నల్లమందుకు బయటి గాలి అక్కరలేదు. తన ఆక్సిజన్‌ను తనలోనే మోసుకొస్తుంది. అందుకే నాలుగు వైపులా మూసిన గొట్టంలో కూడా క్షణంలో మండి, వాయువుగా మారి, ఆ వాయువు గుండును ముందుకు తోస్తుంది.

అయితే మందు మొత్తం వాయువుగా మారదు. సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. పేల్చినప్పుడు కమ్ముకునే తెల్లని పొగ అదే. గొట్టం లోపల పేరుకునే నల్లని మసి కూడా అదే. ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. పాత తుపాకులు లోపల తుప్పుపట్టి గుల్లబారడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. పైకి మెరుస్తున్న గొట్టం లోపల ఎంత పలుచబడిందో కంటికి కనిపించదు.

వత్తి నుండి టోపీ దాకా

మందు కూరడం ఒక ఎత్తు, దానికి నిప్పు అంటించడం మరొక ఎత్తు. తుపాకి చరిత్ర చాలా వరకు నిప్పు అంటించే పద్ధతి చరిత్రే.

మొదట వచ్చినది వత్తి తుపాకి. మెల్లగా కాలే తాడు ఒకటి తుపాకికి కట్టి ఉంటుంది. మీట నొక్కితే ఆ వత్తి కొస మందును తాకుతుంది. 1526లో పానిపట్టులో బాబరు సైనికుల చేతిలో ఉన్నవి ఇలాంటివే. వాన వస్తే వత్తి ఆరిపోతుంది. రాత్రిపూట దాని వెలుగు శత్రువుకు కనిపిస్తుంది.

తరువాత చెకుముకి తుపాకి వచ్చింది. చెకుముకి రాయి ఉక్కును గీసి నిప్పురవ్వ పుట్టిస్తుంది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు ఎక్కువ కాలం మోసినది ఇదే.

మూడవది టోపీ తుపాకి. 1807లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లాండు మతగురువు, దెబ్బ తగిలితే మండే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ తరువాత కొన్నేళ్ళకే ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీలో పెట్టడం మొదలైంది. గొట్టం వెనుక ఉండే చిన్న మొలక మీద టోపీ తొడిగి, సుత్తితో కొడితే నిప్పు లోపలికి వెళుతుంది. వానకు భయం లేదు. మన పల్లెలలోని భర్మారులలో ఎక్కువగా కనిపించేది ఈ టోపీ పద్ధతే.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు కూడా మూతి నుండి కూరేదే. మందు, గుండు కలిపి చుట్టిన కాగితపు పొట్లాన్ని పళ్ళతో కొరికి గొట్టంలో పోయాలి. ఆ కాగితానికి ఆవు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిలలో పాకడమే 1857 తిరుగుబాటుకు తక్షణ కారణమని మనం పాఠాలలో చదువుకున్నాం. ఆ సంవత్సరం జులై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో బ్రిటిషు రెసిడెన్సీ మీద దాడి జరిగింది. మూతి నుండి కూరే తుపాకి కావడం వల్లనే పళ్ళతో కొరకవలసి వచ్చింది. వెనుక నుండి తూటా పెట్టే తుపాకి అయితే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. ఒక యంత్రం పనిచేసే తీరు చరిత్రను ఎలా మలుపు తిప్పుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

బోరు అంటే ఏమిటి?

‘పన్నెండు బోరు తుపాకి’ అనే మాట మనమంతా విన్నాం. పన్నెండు అంటే అంగుళాలా? మిల్లీమీటర్లా? రెండూ కాదు. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే, ఆ ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. ఒక్కో గుండు బరువు దాదాపు 38 గ్రాములు. గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. బోరు సంఖ్య తగ్గినకొద్దీ గొట్టం పెద్దదవుతుంది. ఇరవై నాలుగు బోరు అంటే ఒక పౌనుకు ఇరవై నాలుగు గుండ్లు, ఒక్కోటి 19 గ్రాములు, గొట్టం 14.7 మిల్లీమీటర్లు. ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం దాదాపు ఇంతే. లెక్కల మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సీసం సాంద్రత 11.34 అని తీసుకుని, గోళం ఘనపరిమాణం సూత్రంతో దీనిని చేసి చూడవచ్చు. తొమ్మిది, పదో తరగతి గణితం చాలు.

పూర్వం గొట్టాలు ఇంత పెద్దవి ఎందుకు? నల్లమందు ఇప్పటి పొగలేని మందు అంత వేగాన్ని ఇవ్వలేదు. పొగలేని మందును 1884లో ఫ్రాన్సులో పాల్ వియే తయారుచేశాడు. అంతకుముందు దెబ్బ బలంగా ఉండాలంటే వేగం పెంచే వీలు తక్కువ కనుక గుండు బరువు పెంచడమే మార్గంగా ఉండేది. గుండు బరువు పెరిగితే గొట్టం పెరుగుతుంది.

అంబారీ పిస్తోలు

పెద్ద బోరు నల్లమందు పిస్తోలుకు పేరుపొందినది మన దేశమే. దానిని హౌదా పిస్తోలు అంటారు. హౌదా అంటే ఏనుగు మీది అంబారీ. పందొమ్మిదవ శతాబ్దంలో దొరలు, రాజులు ఏనుగు మీద కూర్చుని పులిని వేటాడేవారు. గాయపడిన పులి ఒక్కోసారి ఏనుగు మీదికి దూకేది. అంబారీలో పొడవాటి రైఫిలు తిప్పడానికి చోటు చాలదు, సమయం చాలదు. అప్పుడు చేతికి అందే ఆఖరి ఆయుధం ఈ పిస్తోలు.

తొలినాళ్ళలో కొన్నింటిని పెద్ద రైఫిళ్ళ గొట్టాలనే పొట్టిగా కోసి తయారుచేశారు. తరువాత లండను కంపెనీలు దీని కోసమే రెండు గొట్టాలు, నాలుగు గొట్టాలు ఉన్న పిస్తోళ్ళు చేశాయి. రైఫిలు గుండంత గుండు పట్టే పిస్తోలు అది.

కానీ పొట్టి గొట్టానికి పెద్ద లోపం ఉంది. మందు పూర్తిగా మండకముందే గుండు బయటపడిపోతుంది. మిగిలిన మందు మూతి బయట పెద్ద మంటగా మండుతుంది. వేగం తగ్గుతుంది, గురి చెదురుతుంది, చేతికి ఎదురుదెబ్బ మాత్రం పెరుగుతుంది. పులి రెండు గజాల దూరంలో ఉన్నప్పుడు తప్ప దానికి మరో ఉపయోగం లేదు.

పులి వేట అంటే మనకు ఎక్కడో జరిగిన కథ కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుపొందిన వేటగాడు. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ భార్యతో కలిసి మన వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గరికి పులి వేటకు వచ్చాడు. చంపిన పులి పక్కన దంపతులు నిలబడిన ఫోటో ఇప్పటికీ ఉంది. దానిని తీసినది లాలా దీన్ దయాళ్ సంస్థ. అప్పటికి వెనుక నుండి తూటా పెట్టే రైఫిళ్ళు వచ్చేశాయి కనుక అంబారీ పిస్తోలు కాలం చెల్లిపోతోంది. ఆ ఫోటోలో వేటగాళ్ళు కనిపిస్తారు. పులిని తరుముతూ అడవిలో డప్పు కొట్టినవాళ్ళు, ఏనుగును నడిపినవాళ్ళు, సామాను మోసినవాళ్ళు ఎవరో మనకు పేర్లు తెలియవు. చేతిలో తుపాకి లేకుండా పులికి ఎదురుగా నడిచినవాళ్ళు వాళ్ళే.

భర్మారు పట్టిన చేతులు

నిజాం రాజ్యంలో తుపాకి దొరల గడీలో ఉండేది. వెట్టి చేసేవాడి చేతిలో గొడ్డలి, బరిసె, వడిసెల మాత్రమే ఉండేవి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషులు కాల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, మన మరిపెడకు దూరమేమీ కాదు. ఊరేగింపులో ఉన్నవాళ్ళ దగ్గర కర్రలు, వడిసెలలు ఉన్నాయి. గడీలో తుపాకులు ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటం మొదలైనది ఈ తేడాలోనే.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పిలుపునివ్వడం తేలిక, ఆయుధాలు ఎక్కడివి? గడీల మీద దాడి చేసి తెచ్చుకున్నవి కొన్ని, ఊళ్ళలో దొరికినవి కొన్ని. వాటిలో భర్మారులు చాలా ఉండేవి. దళాలలో చేరిన రైతుకూలీలు, గొల్లకురుమలు, మాదిగలు, లంబాడీలు, చాకలివారు వాటినే పట్టుకున్నారు.

భర్మారు పరిమితి ఏమిటో చూడండి. శిక్షణ పొందిన సైనికుడు కూడా మూతి నుండి కూరే తుపాకిని నిమిషానికి రెండు మూడుసార్లకు మించి పేల్చలేడు. సైన్యం చేతిలోని 303 రైఫిలులో పది తూటాలు పడతాయి. నేర్పు ఉన్నవాడు నిమిషానికి పదిహేనుసార్లు గురి చూసి కాల్చగలడు. అంటే ఒక్క రైఫిలు అయిదారు భర్మారులకు సమానం. పైగా భర్మారును మళ్ళీ నింపాలంటే లేచి నిలబడాలి లేదా మోకాళ్ళ మీద ఉండాలి. రైఫిలును పడుకునే నింపవచ్చు. అందుకే రజాకార్ల గుంపులను, గూండాలను చాలాచోట్ల నిలువరించిన పద్ధతి, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించిన తరువాత నిలబడలేకపోయింది. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు.

1948 ఆగస్టు 27 నాటి భైరాన్‌పల్లి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఊరి బురుజు ఎక్కి నాటు తుపాకులు, వడిసెలలతో గ్రామస్థులు రజాకార్లను అంతకుముందు తిప్పికొట్టారు. చివరిసారి నిజాం సైన్యం ఫిరంగులతో వచ్చింది. తొంభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ధైర్యంలో తేడా లేదు, ఆయుధంలో తేడా ఉంది.

కనుక భర్మారును చూసి నవ్వకూడదు, మొక్కకూడదు. దానిని అర్థం చేసుకోవాలి. అది గొప్ప ఆయుధం కాదు. ఏమీ లేనివాడికి దొరికిన ఆయుధం.

చట్టం ఏమంటుంది?

స్వతంత్ర భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం అమలులో ఉంది. అందులో మనం తెలుసుకోవలసినవి నాలుగు.

1. మూడవ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. ‘ఇది పాతది, తాతది, పనిచేయదు’ అంటే చాలదు.

2. పదమూడవ సెక్షనులో మూతి నుండి కూరే తుపాకి ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. పంట కాపలా కోసం నిజంగా అవసరమైన రైతు దీనికి లైసెన్సు అడగవచ్చు. మామూలు నున్నని గొట్టం తుపాకి అయితే గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గకూడదని అదే సెక్షను చెబుతుంది.

3. ఆరవ సెక్షను ప్రకారం తుపాకి గొట్టాన్ని పొట్టిగా కోయడానికి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా కోస్తే, తుపాకి సొంతదైనా నేరమే. కారణం సులభం. పొడవాటి తుపాకి పొలంలో అందరికీ కనిపిస్తుంది. పొట్టిది అంగీలో దాగుతుంది. దానితో పంట కాయరు, మనిషిని బెదిరిస్తారు.

4. నలభై అయిదవ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. కాలం చెల్లిన, పురాతన విలువ గల లేదా పాడైపోయిన ఆయుధానికి చట్టం వర్తించదు. కానీ దానికి షరతు ఉంది. మరమ్మతు చేసినా సరే అది తుపాకిగా పనికిరానిదై ఉండాలి. పనికొస్తుందో రాదో తేల్చవలసింది తెలిసిన అధికారులు, మనం కాదు.

2019 సవరణతో శిక్షలు మరింత కఠినమయ్యాయి. ఇక అడవిపందికో, జింకకో నాటు తుపాకి పేల్చితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అదనంగా వచ్చి పడుతుంది. ఒక కేసు చాలు, పోలీసు ఉద్యోగం నుండి టీచరు ఉద్యోగం దాకా మన దారులన్నీ మూసుకుపోవడానికి. కోర్టు ఖర్చులు భరించే తాహతు మన ఇళ్ళలో ఎవరికుంది? మన తల్లిదండ్రులు కూలి చేసి మనల్ని హాస్టలుకు పంపినది స్టేషను మెట్లు ఎక్కడానికి కాదు.

దొరికితే ఏం చేయాలి?

మొదటి మాట: పాత తుపాకిలో మందు లేదని ఎప్పుడూ అనుకోవద్దు. మూతి నుండి కూరే తుపాకిని చూసి లోపల మందు ఉన్నదీ లేనిదీ చెప్పలేము. వెనుక తెరిచి చూసే వీలు లేదు. నింపి, పేల్చకుండా మూల పెట్టిన తుపాకి అలాగే ఉండిపోతుంది. నల్లమందు పొడిగా ఉంటే దశాబ్దాలు గడిచినా చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, 1861–65 అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తున్న ఒక వ్యక్తి అది పేలి మరణించాడు. ఆ మందు వయసు అప్పటికి నూట నలభై ఏళ్ళు పైమాటే.

అందువల్ల:

– ముట్టుకోవద్దు. తప్పనిసరిగా పక్కన నిలబడవలసి వస్తే మూతికి ఎదురుగా నిలబడవద్దు. మూతిలోకి తొంగి చూడవద్దు.

– గొట్టంలో కడ్డీ పెట్టి కెలకవద్దు. సుత్తిని ఎత్తి వదలవద్దు. తుప్పు వదిలించడానికి ఆకురాయి పట్టడం, నిప్పులో పెట్టడం, వెల్డింగు షాపుకు తీసుకుపోవడం ప్రాణాంతకం.

– చిన్నపిల్లలను దూరంగా పంపి, దొరికిన చోటనే దానిని ఉంచి, ఇంటి పెద్దలకు, హాస్టలులో అయితే వార్డెన్ సారుకు చెప్పాలి. తరువాత పోలీసు స్టేషనుకు గాని, 112 నంబరుకు గాని తెలియజేయాలి. మీరే చేతిలో పట్టుకుని స్టేషనుకు నడిచి వెళ్ళవద్దు. దారిలో పేలినా కష్టమే, పట్టుబడినా కష్టమే.

– ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో కాగితం మీద రాసి, సర్పంచి లేదా పంచాయతీ కార్యదర్శితో సంతకం చేయించి ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి. నిజాయితీగా చెప్పినవాడికి ఆ కాగితమే రక్ష.

– పాత ఇనుప సామానువాడికి అమ్మవద్దు. కిలోల లెక్కన పోయేది ఇనుము మాత్రమే కాదు. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది. అలాంటివాటిని విదేశాలకు పంపడం ప్రైవేటు వ్యక్తులకు నిషేధం.

చివరి మాట ఒకటి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళితే ఆయుధాల గదిలో నవాబుల కత్తులు, తుపాకులు వరుసగా కనిపిస్తాయి. వెండి తాపడం చేసినవి, పేర్లు చెక్కినవి. కట్టెతో మడమ చేసుకుని, తాడు చుట్టుకుని, కూలివాడు మోసిన భర్మారుకు పేరు చెక్కేవాడు ఎవడూ లేడు. అలాంటిది ఒకటి మన ఊరిలో దొరికి, చట్టప్రకారం అప్పగించి, జిల్లా మ్యూజియంలో పెట్టమని గ్రామసభ తీర్మానం చేసి అడిగితే, అది మన ఊరి చరిత్రకు సాక్ష్యంగా నిలుస్తుంది. దాచుకుంటే కేసు అవుతుంది. అమ్ముకుంటే పాత ఇనుము అవుతుంది. అప్పగించి అడిగితేనే చరిత్ర అవుతుంది.

మన ముసలివాళ్ళలో భర్మారును కళ్ళారా చూసినవారు ఇంకా కొద్దిమంది ఉండవచ్చు. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు వారి పక్కన కూర్చుని, అది ఎవరి దగ్గర ఉండేది, ఎలా నింపేవారు, చివరికి ఏమైంది అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. తుపాకి తుప్పు పట్టినా మ్యూజియంలో నిలుస్తుంది. మనిషి జ్ఞాపకాన్ని మనం రాసుకోకపోతే ఎక్కడా నిలవదు. వచ్చే సంవత్సరం వార్షికోత్సవ సంచికలో మీలో కొందరు రాసిన అలాంటి జ్ఞాపకాలు చదవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.